చెమట పట్టని కుండ

నాంపల్లి స్టేషన్ ముందు టాంగాల అడ్డాకు ఎదురుగా మల్గీల వరుస ఒకటి ఉండేది. అందులో మూడోది రాజనర్సుది. మల్గి అంటే పెద్ద దుకాణం అనుకునేరు. మనిషి కాళ్లు చాపుకుంటే పాదాలు రోడ్డు మీదికి వచ్చేంత గది. ఆ గదిలో ఊపిరాడని పంపు స్టవ్వులు, చూపు పోయిన బత్తీలు, గొంతు పూడిన గ్రామఫోన్లు దవాఖానలో రోగుల్లాగా వరుసగా పడి ఉండేవి. వాటి నడుమ గోనెపట్టా మీద రాజనర్సు. చెవి సందున బీడీ, చేతిలో పట్టుకారు.

చేసేది మరమ్మతు. పేరొచ్చింది మాత్రం మాటకు.

ఆబిడ్స్‌లో అద్దాల దుకాణాలు ఒకటొకటిగా వెలుస్తున్న కాలం అది. పట్టపగలే కరెంటు దీపం వెలిగించి, దాని కింద కొత్త వస్తువు పెట్టి, ముందర మనిషెత్తు అద్దం బిగిస్తే దారిన పోయేవాడి కాళ్లు వాటంతటవే ఆగిపోయేవి. ఆగినవాళ్లలో కొనే ధైర్యం ఉన్నవాళ్లు తక్కువ. కచ్చేరీ గుమాస్తాలు, బడిపంతుళ్లు, రైల్వే బాబులు లోపలికి పోయి, వస్తువును ముట్టి చూసి, "ఇంట్ల అడిగి వస్త" అని దుకాణదారుకు చెప్పి, ఇంటికి కాక తిన్నగా నాంపల్లికి నడిచేవారు.

"రాజనర్సన్నా, గా కొత్త స్టవ్వు తీస్కోవాల్నా, ఇడిచిపెట్టాల్నా?"

రాజనర్సు బీడీ తీసి ముట్టించేవాడు. ఏ కంపెనీ సరుకైనా ఏదో ఒకరోజు అతని ముందు కడుపు విప్పుకుని పడుకున్నదే. అందుకని అతను చెప్పే తీర్పుకు బరువుండేది.

"జర్మనోడు ఇనుము మంచిగ పోస్తడు, గని మర ఒక్కసారి ఇప్పినవంటే మల్ల ఎక్కది. ఇంగ్లీషోడు మర ఎక్కనిస్తడు, గని గా మర జారి మోరీల పడ్డదంటే గసుంటిది దునియాల ఇంకోటి దొరకది. జపానోడు సస్తగ ఇస్తడు. పెండ్లికి కొంటే పురుడుకు అక్కరకు రాదు."

"మరి ఏది కొనాలె?"

"ఎత్తి చూడు, కొట్టి చూడు, ఇప్పి చూడు. మూడిట్ల నిలబడ్డది కొను."

ఈ మూడు మాటలూ అతను కంపెనీల దగ్గర నేర్చుకున్నవి కావు. సిద్దిపేట దిక్కు పల్లెలో తండ్రి పోచయ్య సారె తిప్పి కుండలు చేసేవాడు. సంతలో కుండ కొనే ఆడవాళ్లు ముందు ఎత్తి చూస్తారు, తర్వాత వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే డబ్బు, బుస్సుమంటే వాపసు. చిన్నప్పుడు రాజనర్సు పని ఒకటే. ఆరబెట్టిన పచ్చికుండల అడుగున మట్టి పులిపిరి ఏదైనా మిగిలి ఉంటే గీకి నున్నగా చేయడం. "కుండకు పులిపిరి ఉంచితే కుమ్మరికి సిగ్గు" అనేవాడు పోచయ్య. ఆము తెరిచి కాలిన కుండలు తీసేటప్పుడు మొదటి కుండను కళ్లకద్దుకునేవాడు. మట్టి ఇచ్చిన చెరువుకు, కట్టెలు తెచ్చినవాడికి, గాలి ఆడించిన దేవుడికి అందరికీ కలిపి అదే దండం. కొడుకు సారె వదిలి పట్నం వచ్చి స్టవ్వులు పట్టుకున్నాడు గానీ, వేలి కణుపు మాత్రం కుమ్మరిదిగానే మిగిలిపోయింది.

ఆ వేలి కణుపే పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది ఎండాకాలంలో అతని కొంప ముంచబోయింది.

ఏప్రిల్ నెల. తారు మెత్తబడి టాంగా గుర్రాల డెక్కలకు అంటుకుంటున్న పూట ఒకావిడ మల్గి ముందు ఆగింది. తెల్లచీర, చంకలో గుడ్డ మూట, పక్కన తొమ్మిదేళ్ల పిల్ల. పిల్ల కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి. కళ్లు మాత్రం చురుగ్గా మల్గీ అంతా వెతుకుతున్నాయి.

"అన్నా, నా పేరు రత్నమణి. మా ఆయన ప్రేమ్‌రాజ్, రామాయంపేట అవతల మిషను బడిల సారు. గిది మా బిడ్డ డోరా. జర గీ వస్తువు ఎట్లుందో చూసి చెప్తవని వచ్చిన." మూట విప్పింది. మూరెడు పొడుగు ఫ్లాస్కు, వెడల్పు మూతి, ఆకుపచ్చ రేకు ఒళ్లు, దాని మీద ఒంటికాలి మీద నిలబడ్డ తెల్లకొంగ. "ఆబిడ్స్‌ల కొన్న."

"కొన్నంక అడుగుతున్నవ్ చెల్లె. పెండ్లైనంక జాతకం చూసినట్టున్నది."

"ఏం చెయ్యాలె అన్నా, తప్పలే." రత్నమణి పిల్ల తల నిమిరింది. "దీనికి చక్కెర బీమారి. దినాం రెండు సూదులు. నేను మిషను దవాఖానల పని నేర్చినదాన్నే, సూది నేనే ఇస్త. గని మందు ఎండకు ఆగది. పోయినేడు ఎండకాలం మా ఇంట్ల మందు చెడిపోయింది. సూది ఇచ్చినా పనిచెయ్యలే. పిల్ల లేవలేకపోతే ఎడ్లబండి మీద ఏసుకుని మెదక్ దాంక తీస్కపోయిన." ఆమె పిల్లను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడు పట్నం తెస్తే ఈడి డాక్టరమ్మ ఒకటే మాటన్నది. మంచు దొరకకున్నా పర్వాలేదు, మందు చల్లటి జాగల ఉండాలె. రెండు దినాలు గీ ఫ్లాస్కుల మంచేసి చూడు. చల్లదనం నిలిస్తే పిల్లను ఇంటికి తీస్కపో. నిలవకుంటే సికింద్రాబాద్ హాస్టల్ల ఉంచు, దవాఖాన దగ్గర. గీ ఒక్క ఎండకాలానికి కాదన్నా, ఏటా ఎండలొస్తయ్ గద."

అంటే పిల్ల ఇంట్లో పెరగాలా, హాస్టల్లో పెరగాలా అన్నది ఆ కొంగబొమ్మ తేల్చాలి. రాజనర్సుకు పిల్లలు లేరు. అతను డోరా వైపు చూశాడు.

"ఏం బిడ్డా, దినాం రెండు సూదులా? భయం లేదా?"

"భయం అమ్మకు. నాకెందుకు?" అంది డోరా. "మామా, గా గ్రామఫోను పాడుతదా?"

"దానికి గొంతు నొస్తున్నది."

"సూది ఇయ్యి."

రాజనర్సు పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే ఫ్లాస్కు అందుకుని ఎత్తి చూశాడు. తేలిక. మొహం చిట్లించాడు. వేలి కణుపుతో కొట్టాడు. టప్పుమంది. "పైన పటారం, లోన లొటారం" అని గొణిగి అడుగు మర విప్పి లోపలి గాజును బయటికి లాగాడు. వెండి పూసినట్టు తళతళలాడుతున్న గాజు చెంబు. అతని మొహం అందులో వంకరగా కనిపించింది. తలకిందులు చేశాడు. అడుగున సరిగ్గా నడుమ ఎలుకతోకంత గాజు మొన ఒకటి పొడుచుకు వచ్చి ఉంది.

"చూసినవా చెల్లె కంపెనీవాని పని? గిన్ని పైసలు తీస్కుని పులిపిరి గీకకుంటనే పంపిండు. మా నాయిన చూస్తే వాన్ని ఆము కాడికి గూడ రానియ్యకపోతుండె."

"గది ఉండొచ్చునేమో అన్నా..."

"ఉంటే కడిగేటప్పుడు చేతికి గుచ్చుకుంటది."

పట్టుకారుతో తోక పట్టి టక్కున విరిచాడు. విరిచినప్పుడు స్స్... మని సన్నటి చప్పుడు, నిద్రలో ఎవరో ఊపిరి పీల్చుకున్నట్టు. రాజనర్సు దాన్ని విన్నాడు గానీ పట్టించుకోలేదు. ఆకురాయితో ఆ జాగా నున్నగా రాసి, చుక్క లక్క పెట్టి, ఎప్పటిలాగే బిగించి ఇచ్చాడు.

"కొంగ తోక కోసిన. ఇగ నిమ్మలంగ కూసుంటది. పైసలా? పిల్ల నన్ను మామ అన్నది. మామ పైసలు తీస్కుంటడా?"

రత్నమణి రెండు చేతులూ జోడించి వెళ్లింది. రోజంతా రాజనర్సుకు మంచి పని చేసినట్టే అనిపించింది.

రెండు రోజులు పోయాక ఆమె మళ్లీ వచ్చింది. మూట విప్పకుండానే చెప్పింది. "అన్నా, ఫ్లాస్కుకు చెమట పట్టింది."

"పట్టిందా! ఇగ నీకేం ఫికర్ చెల్లె?" రాజనర్సు కుమ్మరి ప్రాణం లేచొచ్చింది. "చెమట పట్టే కుండే నీళ్లు సల్లగ చేస్తది. చెమట పట్టనిది కుండనా, బండరాయా?"

"కుండ సంగతి నాకూ తెలుసు. పొద్దుగాల ఆరింటికి నిండ మంచేసిన. తొమ్మిదింటికి నీళ్లైంది. పగటీలికి గా నీళ్లు గూడ ఏడెక్కినయ్. ముంత నయమున్నది."

రాజనర్సు మూత తీసి వేలు ముంచాడు. గోరువెచ్చగా తగిలింది. వేలు వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత అలవాటైన దారినే నాలుక నడిచింది. "నేను చెప్పలేదా? ఎత్తంగనే చెప్పిన. గా కొంగ కంపెనీ దగా కంపెనీ. వాపసియ్యిపో."

"పోయిన. ఇప్పిన సామాను వాపసు తీస్కోరట." ఆమె మూట సర్దుకుంది. "నీదేం తప్పులే అన్నా, నీకు తోచింది చూసినవ్. నా కిస్మత్. శనివారం రెండున్నర బండికి పోతున్నం. సికింద్రాబాద్‌ల దీన్ని హాస్టల్ల దించి, నేను సాయంత్రం బండికి ఊరికి పోత."

డోరా గడప మీద కూర్చుని ఉంది. ఆమెకు ఈ చివరి మాట వినబడలేదు. "మామా, మా మేక ఈనిందట. నాయిన కార్డు రాసిండు. రెండు పిల్లలు. ఒకదానికి చెవులు నల్లగున్నయట. నేను పోయినంకనే పేరు పెడుతరట."

రాజనర్సు స్టవ్వు పిన్ను కోసం డబ్బాలో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాడు.

మనసులోని కోపమంతా శనివారం దాకా మూడు రోజులూ కంపెనీ మీద తీర్చుకున్నాడు. ఎవరొచ్చి ఏది అడిగినా తిరిగి తిరిగి కొంగ ఫ్లాస్కు దగ్గరికే వచ్చేవాడు. "కొనకుండ్రి. పసిపిల్ల నోట్ల మన్ను కొట్టిన కంపెనీ అది" అనేవాడు. విన్నవాళ్లు విన్నది ఇంకో నలుగురికి చెప్పారు.

శనివారం పదకొండు గంటలకు మల్గి ముందు టాంగా ఆగింది. నల్ల షేర్వాణీ, చేతిలో గొడుగు, చంకలో అట్టడబ్బా. దిగిన మనిషి ఆబిడ్స్‌లో ఫ్లాస్కు అమ్మిన దుకాణదారు బాలకిషన్. రాజనర్సును అతను ఎప్పుడూ చూడలేదు. పేరు మాత్రం వారానికి రెండుసార్లు వింటూనే ఉన్నాడు.

"రాజనర్సు అంటే నువ్వేనా?"

"ఔ."

"నా దుకాణం కాడ ఒక నౌకరును పెట్టుకున్న, రమ్మననీకి. నువ్వు నాంపల్లిల ఉండి పొమ్మననీకి జీతం లేకుంట పనిచేస్తున్నవట గద!"

"సరుకు మంచిగుంటే ఎవ్వలు పొమ్మంటరు సాబ్?"

"సరుకు మంచిగ లేదని నీకెవరు చెప్పిన్రు? ఇంగ్లండు పోయొచ్చినవా?"

"పోలే. ఇంగ్లండే దినాం నా కాడికొచ్చి ముక్కుతున్నది, చూడుండ్రి" అని రాజనర్సు వరుసగా పడి ఉన్న స్టవ్వులను చూపించాడు. టాంగావాళ్లు గుమిగూడి కిసుక్కున నవ్వారు.

బాలకిషన్‌కు కూడా నవ్వొచ్చింది గానీ మింగేశాడు. షేర్వాణీ ఎత్తిపట్టుకుని గడప మీద కూర్చుని డబ్బా తెరిచాడు. కొత్త కొంగ ఫ్లాస్కు. "నిన్న పొద్దుగాల ఏడింటికి మా ఇంట్ల మంచేసి బిగించిన. ఇప్పటికి ఇరవై ఎనిమిది గంటలు. ఊపు."

రాజనర్సు ఊపాడు. లోపల గలగల. మూత తీశాడు. గోలీలంత మంచుముక్కలు నీళ్లలో తేలుతున్నాయి. ఒంటి మీద చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. లోపల అంత మంచున్నా బయట చుక్క చెమట లేదు.

కుమ్మరి కొడుకు చెయ్యి అక్కడే ఆగిపోయింది. కుండకు చెమట పట్టిందంటే దాని ఒంట్లోంచి దారి ఉన్నట్టు. దీనికి దారి లేదు. లోపలి చల్లదనం బయటికి పోదు, బయటి ఎండ లోపలికి రాదు. మరి రత్నమణి తెచ్చినదానికి దారి ఎక్కడినుంచి వచ్చింది?

"ఇప్పనా?" అన్నాడు అడుగు మర మీద వేళ్లు పెట్టి.

"ఇప్పు. ఇరగ్గొట్టకు."

మంచు పారబోసి అడుగు మర తిప్పి గాజును లాగాడు. తలకిందులు చేశాడు. సరిగ్గా నడుమ, ఎలుకతోకంత మొన.

"గీ తోక... గిట్లనే ఉంటదా? అన్నిటికీ?"

"ఎందుకుండదు?" బాలకిషన్ డబ్బా అడుగునుంచి మడతపెట్టిన ఇంగ్లీషు కాగితం తీసి, కళ్లజోడు సర్దుకుని, ఒక్కో ముక్కా తెలుగు చేస్తూ చదివాడు. "లోన ఒక గాజు, పైన ఒక గాజు. రెండిటి నడుమ గాలి మొత్తం గుంజి తీసినం. గాలి లేని కాడ ఏడి నడవది. గుంజినంక అడుగున మొన కాడ కరగబెట్టి మూసినం. మొన ఇరిగితే గాలి జొస్తది. మల్ల బాగు చెయ్యరాదు." కాగితం దించాడు. "ఏంది, అట్ల చూస్తవ్?"

రాజనర్సు చెవిలో స్స్... మంది. నిద్రలో ఎవరో ఊపిరి పీల్చుకున్న చప్పుడు. ఏడు సముద్రాల అవతల ఎవడో గాజు ఊదేవాడు, తన తండ్రిలాగానే నిప్పుల సెగ ముందు కూర్చుని, చెమటలు కక్కుతూ గాలినంతా తీసి, ఆఖరున ఆ మొనను మూసి ఉంటాడు. అంత పనినీ తను ఒక్క పట్టుకారు నొక్కుతో తీసేశాడు. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు. కుమ్మరి కొడుకే గుదియ అవుతాడని ఏ సామెతా చెప్పలేదు.

బాలకిషన్‌కు ఏమీ తెలియదు. టాంగావాళ్లకు తెలియదు. దారిలో దెబ్బ తగిలి చెడిపోయిందంటే కాదనేవాడు లేడు. పన్నెండేళ్ల పేరు నిలుస్తుంది. రెండున్నర బండిలో పిల్ల పోతుంది.

"సాబ్" అన్నాడు రాజనర్సు. "గా ఫ్లాస్కు మంచిదే. తోక నేనే ఇరిచిన. పులిపిరి అనుకున్న."

బాలకిషన్ గొడుగు కింద పడేసి నవ్వాడు. "పులిపిరా! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే గిదే కదనయ్యా!" అంటూ ఎదుటి మొహం చూసి నవ్వు ఆపేశాడు. రాజనర్సు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"సాబ్, నవ్వుండ్రి, తిట్టుండ్రి. గని గా పిల్ల రెండున్నరకు హాస్టల్‌కు పోతున్నది." జరిగిందంతా చెప్పాడు, సూదుల దగ్గరినుంచి నల్ల చెవుల మేకపిల్ల దాకా.

బాలకిషన్ చాలాసేపు కాగితాన్ని మడతపెడుతూ విప్పుతూ కూర్చున్నాడు. "నీదొక్కనిదే కాదు లే" అన్నాడు చివరికి. "గీ కాయితం ప్రతి డబ్బాల ఉంటది. నేనే తీసి పక్కకు పెడ్త. ఇంగ్లీషు ఎవనికొస్తదని అలమారల కింద పరుస్తున్న. గా తల్లికి గూడ ఇయ్యలే. సదివి చెప్తే నీ దాంక వచ్చేదే కాదు." కొత్త ఫ్లాస్కును మళ్లీ బిగించి రాజనర్సు చేతుల్లో పెట్టాడు. "పట్టుకపో. పైసల ముచ్చట తర్వాత. మా ఇంట్ల నాలుగు స్టవ్వులు మొరాయిస్తున్నయ్, అవి నువ్వు చూడు. ఎక్కు, టాంగా నాదే."

మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీము అమ్మేవాడి దగ్గర ఉప్పు తగలని మంచు అడిగి కొట్టించుకుని, నిండా దట్టించి, రాజనర్సు స్టేషన్‌లో దిగేసరికి బండి ప్లాట్‌ఫారం మీదే ఉంది. కొత్త రేకుపెట్టె మీద డోరా కూర్చుని ఉంది. పెట్టె మీద తెల్లరంగుతో ఆమె పేరు రాసి ఉంది. హాస్టల్ సంగతి ఇప్పుడు ఆమెకు తెలుసు. మామను చూసి మొహం పక్కకు తిప్పుకుంది.

రాజనర్సు రత్నమణి ముందు నిలబడ్డాడు. హమాలీలు, ప్రయాణికులు అందరూ వింటుండగా చెప్పాడు. ఏ తోక, ఎట్లా విరిచాడు, ఎందుకు విరిచాడు, కంపెనీని ఎంతమంది దగ్గర తిట్టాడు.

రత్నమణి మొహం తెల్లబోయింది, ఎర్రబడింది. "నీ పట్టుకారు చేసిన పనికి నా బిడ్డను హాస్టల్ల పడేస్తుంటి గదన్నా!"

"ఔ చెల్లె."

"మూడు దినాలు నిద్రపోలే నేను. ప్రార్థన చేసుకుంట, నేనేం పాపం చేసిన్నో అని ఏడ్సుకుంట."

"పాపం నాది చెల్లె. ఇగో, కొత్తది. గిది తీస్కొని రెండు దినాలు ఉండు."

"ఇంకోపారి నీ మాట నమ్మాల్నా?"

"నా మాట నమ్మకు. ఫ్లాస్కును అడుగు."

గార్డు విజిల్ వేశాడు. రత్నమణి ఫ్లాస్కు వైపు, పెట్టె మీది పేరు వైపు చూసింది. ఒంగి పెట్టెను తనే బండికి దూరంగా లాగింది. "లే బిడ్డా. మల్ల కాచిగూడ పెద్దమ్మ ఇంటికే పోదాం."

డోరా లేచి మొదట అడిగిన మాట ఇది. "మామా, దీని తోకన్న ఉంచినవా?"

సోమవారం పొద్దున మల్గి తెరవకముందే ఇద్దరూ వచ్చి నిలబడ్డారు. రత్నమణి ఫ్లాస్కు ఊపింది. గలగల. రాజనర్సు కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. గ్రామఫోన్లు ఎన్ని బాగు చేశాడో, ఏ పాటా అంత తియ్యగా వినబడలేదు.

"నిన్న పొద్దుగాల ఏసిన మంచన్నా. డాక్టరమ్మకు గూడ చూపిచ్చిన. ఇంటికి తీస్కపొమ్మన్నది." ఆగి అడిగింది. "గని మా ఊర్ల మంచు ఏడ దొరుకుతది? పట్నం కాడికెల్లి గంత దూరం ఎవలు తెస్తరు?"

దానికి జవాబు రాజనర్సు ముందే సిద్ధం చేసి పెట్టాడు. ఆదివారమంతా కుమ్మర్‌వాడిలో తిరిగి, ఊకపొట్టు కలిపిన మట్టితో చేసిన పల్చటి కొత్త కుండ ఏరి తెచ్చాడు. దాన్ని ఎత్తాడు, కొట్టాడు. ఖంగుమంది. ఈసారి కొట్టాల్సిందాన్నే కొట్టాడు.

"చూడు చెల్లె. గీ కుండను గాలి తాకే జాగల ఇసుకల పెట్టు. రాత్రంత చెమటోడ్చి నీళ్లను సల్లగ చేస్తది. తెల్లారకముందే, కోడి కూసే యాళ్లకు గా నీళ్లు ఫ్లాస్కుల పొయ్యి. మందుసీసాను దానికన్న కొంచెం పెద్ద సీసాల పెట్టి, దారం కట్టి అండ్ల దించి మూతెయ్యి. పగటి ఎండ దాన్ని ఏం చెయ్యలేదు. మాపటికి నీళ్లు మార్చు. కుండకు సల్లగ చేసుడు తెలుసు, దాసిపెట్టుడు తెల్వది. గీ కొంగకు దాసిపెట్టుడు తెలుసు, చేసుడు తెల్వది. రెండిట్నీ ఒక్క తాన పెట్టు."

రత్నమణి చాలాసేపు కుండనూ ఫ్లాస్కునూ మార్చి మార్చి చూసింది. ఆమె మొహంలో మొదటిసారి వెలుగు కనబడింది. "గింత సులువా అన్నా?"

"నాకు గూడ నిన్ననే తెలిసింది."

ఫ్లాస్కు ఆమె చేతికి ఇవ్వబోతూ రాజనర్సు ఒక్కక్షణం ఆగి దాన్ని రెండు కళ్లకూ అద్దుకున్నాడు. తండ్రి అద్దుకున్నట్టే. ఆ దండం ఎవరికో అతను చెప్పలేదు. గాజు ఊదిన చేతికి, కాగితం చదివిన నోటికి, పెట్టెను వెనక్కి లాగిన తల్లికి, ఎవరి వాటా వాళ్లకు చేరి ఉంటుంది.

రెండు నెలలకు, మృగశిర చినుకులు పడ్డాక ప్రేమ్‌రాజ్ రాసిన కార్డు వచ్చింది. ఎండలన్నీ గడిచాయి, మందు ఒక్కసారి కూడా చెడిపోలేదు, పిల్ల బడికి పోతున్నది. చివర పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు: 'మామా, మేకపిల్లకు కొంగ అని పేరు పెట్టిన. తోక ఉన్నది.'

ఆ కార్డు పట్టుకుని రాజనర్సు ఆబిడ్స్‌కు నడిచాడు. బాలకిషన్ దుకాణంలోకి ముందు గుమ్మంలోంచి పోవడం అదే మొదలు. బాలకిషన్ కార్డు రెండుసార్లు చదివి గల్లా పక్కన అద్దం కింద పెట్టుకున్నాడు.

"సాబ్, కంపెనీకి ఒక జాబు రాయాలె. నేను చెప్త, మీరు ఇంగ్లీషు చెయ్యుండ్రి."

"రాయించు."

"మీ ఫ్లాస్కు బంగారం లెక్క ఉన్నది. నేను తెల్వక తిట్టిన, మాఫ్ చెయ్యుండ్రి. ఒక పసిపిల్ల ఇంటి పట్టున ఉన్నది మీ పుణ్యాన. గా తోక మూసినాయన పేరు నాకు తెల్వది. ఆయనకు నా దండం ముట్టియ్యుండ్రి. ఇంకొక మాట. తోక మీద ఒక చిన్న టోపీ పెట్టుండ్రి. మా దిక్కు పులిపిరిలు కోసేటోళ్లు మస్తుమంది ఉన్నరు."

బాలకిషన్ నవ్వు ఆపుకుంటూ ఒక్క ముక్క వదలకుండా టైపు కొట్టాడు. నాలుగు నెలలకు కంపెనీ నుంచి అచ్చేసిన కాగితం ఒకటి వచ్చింది. మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు అని అందులో ఉందట. "ముట్టింది గద, చాలు" అన్నాడు రాజనర్సు. టోపీ సంగతి ఏమైందో తెలియలేదు. మరుసటి ఏడు యుద్ధం వచ్చి సీమ ఫ్లాస్కులు రావడమే తగ్గిపోయింది. రామాయంపేట అవతలి ఆ ఒక్కటి మాత్రం ఏడు ఎండాకాలాలు కాపలా కాసింది. కుండలు ఐదు మారాయి.

తోక విరిగిన పాత ఫ్లాస్కును రత్నమణి దగ్గర అడిగి తెచ్చుకుని మల్గి గుమ్మానికి కట్టాడు రాజనర్సు. అడుగు విప్పి, లక్కచుక్క కనబడేటట్టు. ఎవరొచ్చి ఏ కంపెనీ సంగతి అడిగినా ముందు దాన్నే చూపించేవాడు. "గిది నా తప్పు. గిది చూసినంక నా మాట ఇనాలెనంటే ఇనుండ్రి."

విచిత్రమేమిటంటే, దాని తర్వాత అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. బాలకిషనే పంపేవాడు కొందరిని.

"రాజనర్సన్నా, ఆబిడ్స్‌ల కొత్త రేడియో చూసిన. తీస్కోవాల్నా?"

రాజనర్సు బీడీ ముట్టించి చెయ్యి చాపేవాడు. "డబ్బాల కాయితం ఉండె గద, ఏది? ముందుగాల గది సదివిచ్చుకొని రా. ఎత్తి చూసుడు, కొట్టి చూసుడు, ఇప్పి చూసుడు తర్వాత."